మూడు గాజుపలకలు, ఒక ధర్మవరం చీర

ఇప్పటికీ ఎవరైనా ఫోటో తీయమంటే నాకు నీరసం వస్తుంది. వయసు వల్ల కాదు. ఒకప్పుడు ధర్మవరంలో ఒక పట్టుచీర పరువు నిలువునా తీశాను. చెబుతాను, నవ్వుకోండి. సిగ్గుపడే ఓపిక నాకిక లేదు.

డెబ్బైల చివర హిందూపురంలో నాకో చిన్న స్టూడియో ఉండేది. రంగుల ఫిల్ము దొరకడమే గగనం. ఎరుపు, పచ్చ, నీలం గాజుపలకలు ఒక్కొక్కటే కెమెరా ముందు పెట్టి మూడు నలుపు తెలుపు ఫోటోలు తీస్తే, ప్రెస్సువాళ్లు వాటిని ఒకదానిమీద ఒకటి అచ్చువేసి రంగుల బొమ్మ చేస్తారని ఏదో పత్రికలో చదివాను. ఆ రోజు నుంచి నా కాళ్లు నేలమీద లేవు.

అప్పటికి నేతగాడు ఓబులేసన్న మగ్గం రెండు నెలలుగా ఖాళీ. చీరను రంగుల్లో చూస్తే తప్ప ఆర్డరివ్వనన్నాడు బెంగుళూరు షావుకారు. నేనుండగా నీకేం భయమని, కెమెరా పెట్టె ఒళ్లో పెట్టుకుని పెనుకొండ మీదుగా బస్సులో ధర్మవరం వెళ్లాను. ఎర్ర చీర, పచ్చ అంచు, నీలం కొంగు. గోడకు వేలాడదీయించాను.

"ముందు ఎరుపు తీస్తానన్నా, తర్వాత పచ్చ, ఆమీట నీలం," అన్నాను ధీమాగా.

"అట్లే కానీప్పా," అన్నాడు.

చీర కదలకూడదని మాత్రం చెప్పలేదు. పలక మార్చడానికి నేను తల తిప్పినప్పుడల్లా ఆయన చీరను జరిపాడు. పచ్చ పలక పెడితే పచ్చ అంచు, నీలం పలక పెడితే నీలం కొంగు కెమెరా ఎదుటికి తెచ్చాడు. కొనేవాళ్లకు మడత మడతా విప్పి చూపించిన చెయ్యి, ఊరుకుంటుందా? నేనేమో గొప్పగా గడియారం చూస్తూ సెకన్లు లెక్కపెడుతున్నాను. పైగా అచ్చయిన బొమ్మను నేరుగా షావుకారుకే ఇమ్మని ప్రెస్సుకు రాశాను.

కొన్నాళ్లకు ఓబులేసన్న, షావుకారు పంపిన ఆ బొమ్మతో స్టూడియోకి వచ్చాడు. వెలుతురులో పెట్టి చూశాను. అంచు చీర మధ్యకు పాకింది, కొంగులోని నెమళ్లు బుటాలను మింగాయి, రంగులు వసంతాలాడిన చొక్కాలా ఉన్నాయి. ఆయన మగ్గం నోట్లో మన్ను కొట్టానని ఏడుపొచ్చింది.

"పచ్చ అద్దానికి పచ్చే కదప్పా చూపిస్తి," అన్నాడు మెల్లగా.

"షావుకారు తిట్టినాడా అన్నా?"

"తిట్టింటే బాగుండు. ఇట్లాంటి చీర యాడా చూల్లేదంట. అచ్చం ఇట్లాంటివే పది కావాలంట."

"నేయగలవా?"

"నాకేం తెల్సు? దీన్ని నేసినోడివి నువ్వు. పద మగ్గం కాడికి."

ఆ ఎండాకాలమంతా మగ్గం పక్కన చతికిలబడి, ఏ పోగు ఏ రంగో ఆ బొమ్మ చూసి చెబుతూ కూర్చున్నాను. కాబట్టి, నడుం పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మకు నేను ఏ రంగునూ విడదీయను. కలిసున్నవాటిని కలిసే ఉండనిస్తాను.