ఐదు పద్దుల్లో ఒకటి

ముందు పోయినదంతా రాస్తాను. పది వేలు. ఎనిమిది వేలు. మళ్లీ పది వేలు. మూడువేల ఐదు వందలు. ఆరు వేలు. మొత్తం ముప్పై ఏడు వేల ఐదు వందలు. మూడు నెలల్లో, ఐదు పద్దులుగా, మా అవ్వ బ్యాంకు ఖాతాలోంచి పోయిన డబ్బు ఇది. నాలుగేళ్లకు పైగా ఈ అంకెల్ని మోస్తున్నాను. నిజానికి నాలుగింటికి బరువు లేదు. ఒక్కదానికే ఉంది. దాని గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు కాబట్టి.

నేను చదివింది ఏడో తరగతి. లెక్క మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. మొయినాబాద్, చేవెళ్ల మధ్య ఊరు మాది. చేవెళ్ల మార్కెట్‌కు కూరగాయలు, పూలు వేసేవాళ్లు చిట్టీలు తెచ్చి నా ముందు పెడతారు. కమీషన్ ఎంత కోశారు, హమాలీ ఎంత, బండి కిరాయి ఎంత, చేతికి ఎంత రావాలి, అన్నీ చూసి చెబుతాను. పైసా తీసుకోను. "అన్న చెప్పిండంటే అయిపాయె" అంటారు. ఆ మాటకు అలవాటు పడ్డాను.

యాదగిరి కూడా నా దగ్గరికి వచ్చేవాడు. అతనికి ఒక కాలు సరిగా పనిచేయదు. మా ఊరి బస్‌స్టాప్ దగ్గర చిన్న కిరాణా కొట్టు, అందులో బ్యాంకువాళ్లు ఇచ్చిన వేలిముద్ర మిషన్. ఊళ్లో పింఛన్ తీసుకునే ముసలివాళ్లంతా అక్కడే వేలు పెట్టి డబ్బు తీసుకునేవారు. నెలాఖరున తన కమీషన్ కూడిపెట్టమని కాగితం తెచ్చేవాడు. సగటున నెలకు మూడువేల ఒక వంద. ఆ ఇంటికి నికరంగా వచ్చేది అదే.

మా అవ్వ వేళ్లు కలుపు తీసి తీసి అరిగిపోయాయి. ముద్ర ఒక పట్టాన పడేది కాదు. యాదగిరి ఆమె వేలిని తడిగుడ్డతో తుడిచి రెండోసారి, మూడోసారి పెట్టించేవాడు. పాస్‌బుక్కులో ఆ ఐదు పద్దులు చూసిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ తడిగుడ్డే. రెండోసారి పెట్టించినప్పుడల్లా రెండోసారి డబ్బు లాగాడు, ఇంకేముంది? అవ్వను అడిగితే "నాకేమెరుక బిడ్డ" అని మొహం తిప్పుకుంది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదు? షావుకారును, కాటాను, బ్యాంకు కౌంటర్‌లో నవ్వుతూ మాట్లాడే అమ్మాయిని, అందరినీ అనుమానించే నాకు అవ్వను అనుమానించాలని మాత్రం తోచలేదు.

మొయినాబాద్‌లోని మా బ్యాంకులో ఫిర్యాదు ఇచ్చాను. ఐదూ యాదగిరి పనేనని అందులో రాశాను. నెలన్నర తర్వాత మమ్మల్ని పిలిచారు. మూడు పద్దులు తమ బ్యాంకు మిషన్ల మీద పడ్డాయట. ఆ ఇరవై ఒక్క వేల ఐదు వందలు ఖాతాలో వేస్తాం, యాదగిరి మీద విచారణ జరుపుతాం అన్నారు. మిగతా రెండూ వేరే బ్యాంకు మిషన్ల మీద పడ్డాయి కాబట్టి వాటికి పై ఆఫీసులో వేరే ఫిర్యాదు పెట్టుకోమన్నారు. డబ్బు ముట్టినట్టు రాసిన కాగితాన్ని మూడుసార్లు చదివాను. సగం ఇచ్చి నోరు కట్టేసే ఎత్తు అనుకున్నాను. అవ్వ వేలిముద్ర వేసే ముందు దాని పైన నా చేత్తో రాశాను: "మిగిలిన పదహారు వేల మీద హక్కు వదులుకోవడం లేదు." గొప్ప తెలివి చూపాననుకున్నాను.

బస్సులో ఇంటికి వస్తూ ఏ మూడు పద్దులు తిరిగొచ్చాయో అవ్వకు చదివి వినిపించాను. ఎనిమిది వేల దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"గది నేనే తీసిన బిడ్డ. కోత పండుగ పాటకు."

కోత పండుగ రోజు మా చర్చిలో విశ్వాసులు తెచ్చిన పంటను వేలం వేస్తారు. పాడిన డబ్బు తర్వాతి ఆదివారం కట్టాలి. ఆ ఏడు ఒక గుమ్మడికాయ దగ్గర మా అవ్వకూ ఆమె తోటికోడలికీ పంతం పడి, ఐదు వందల దగ్గర మొదలైన పాట ఎనిమిది వేల దాకా పోయిందట. ఆ గుమ్మడికాయ పులుసు నేనూ తిన్నాను. ఎంతకొచ్చిందని అడిగితే "ఊకెనే ఇచ్చిన్రు" అంది. నాకు భయపడి అంది.

అక్కడే బస్సు దిగి బ్యాంకుకు వెనక్కి వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఒకటి అబద్ధమని నేనే చెబితే ఐదూ అబద్ధమంటారు, పెట్టబోయే ఫిర్యాదు చెల్లదు, పదహారు వేలు పోతాయి. ఇదీ నేను వేసిన లెక్క. అందులో యాదగిరి లేడు. మిగతా నాలుగూ వాడివేగా, ఇది పోతే ఏం అని సర్దుకున్నాను.

విచారణ చేవెళ్ల బ్రాంచిలో జరిగింది. ఆ సాకు కూడా అక్కడే పోయింది. మిగతా నాలుగు పద్దులూ ఎక్కడో వేరే రాష్ట్రంలో పడ్డాయి. అవ్వ వేలిముద్రను ఎవరో ఏదో కాగితం మీది నుంచి ఎత్తి వాడుకున్నారట. యాదగిరి మిషన్ మీద పడింది ఎనిమిది వేలు ఒక్కటే. కానీ డబ్బు ముట్టినట్టు అతని రిజిస్టర్‌లో అవ్వ ముద్ర లేదు.

"ఆరాధనకు యాళ్లయితున్నదని అవ్వ తొందరవెట్టింది సార్. నా చేత్తోని ఆమె చేతుల వెట్టిన" అన్నాడు యాదగిరి, విచారణకు వచ్చిన అధికారితో. తర్వాత నా వైపు తిరిగాడు. "అన్న, అవ్వను అడిగినవా? ఏమన్నది?"

"రిజిస్టర్ల ముద్ర ఉన్నదా?" అన్నాను.

"లేదన్న."

"మరి నన్నెందుకు అడుగుతవ్?"

అతను నవ్వాడు. "గట్లనా? మంచిదే. నా కమీషన్ల రూపాయి తేడా వస్తే ఇల్లు ఎతుక్కుంట వచ్చి జెప్పినోనివి. గియ్యాల గింత తేడా కనవడతలేదా అన్న?"

అధికారి నా మొహం చూశాడు. నేను రిజిస్టర్ చూస్తూ కూర్చున్నాను.

మిషన్ కోసం అతను బ్యాంకులో కట్టిన డిపాజిట్‌లోంచి ఎనిమిది వేలు కోశారు. మిషన్ తీసుకుపోయారు. ముసలివాళ్లు ఇప్పుడు పింఛన్ కోసం బస్సెక్కి మొయినాబాద్ పోతున్నారు. ఏడాది దాటాక నా పదహారు వేలూ వచ్చాయి. ఇక పోయేదేమీ లేదు కదా, అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? నేను కాపాడుకుంటున్నది పదహారు వేలను కాదని అప్పుడు తెలిసింది. చిట్టీలు పట్టుకుని నా గడపకు వచ్చేవాళ్లు రాకుండా పోతారని భయం. అంతే.

"యాదగిరి పైసలు యాదగిరికి ఇచ్చినవా?" అని అవ్వ అడిగేది. ఇచ్చానన్నాను. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ అదే చెప్పాను. తర్వాత అడగడం మానేసింది. నమ్మి మానేసిందో, నమ్మక మానేసిందో తేలకముందే పోయింది.

యాదగిరి కనిపిస్తే ఇప్పటికీ నమస్తే పెడతాడు. ఆ నమస్తేను కూడా అనుమానిస్తాను. అంతా తెలిసే పెడుతున్నాడా? ఇంకేం అనాలో తెలియక పెడుతున్నాడా?

ఈ కాగితం అతనికి చూపిస్తానని మీకు మాట ఇవ్వలేను. నా మాట విలువెంతో మీకిప్పుడు తెలుసు. కానీ ఇంత రాశాక ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. ఇన్నాళ్లూ మనసులోనే వేసుకున్న కూడికను మొదటిసారి కాగితం మీద పెడుతున్నాను. డిపాజిట్‌లో కోసినది ఎనిమిది వేలు. మిషన్ పోయి ఈ నెలకు నలభై తొమ్మిది నెలలు. నెలకు మూడువేల ఒక వంద చొప్పున లక్షా యాభై ఒక్క వేల తొమ్మిది వందలు. రెండూ కలిపి, ఈ రోజుకు నేను యాదగిరికి బాకీ లక్షా యాభై తొమ్మిది వేల తొమ్మిది వందల రూపాయలు.