దూడల మందు

ఆ యంత్రం నేనే చేశానని మా దొరతో చెప్పాను. అది మొదటి అబద్ధం కాదు, రెండోది.

సౌదీలో, అల్ ఖర్జ్ అనే ఊళ్ళో ఒక పెద్ద పాల ఫారం. అక్కడ పాలు పరీక్షించే ల్యాబ్‌లో నేను హెల్పర్‌ని. కరీంనగర్‌లో బీఎస్సీ చదివి వెళ్ళినా నా పని గాజు సీసాలు కడగడం, ఆరబెట్టడం. ల్యాబ్ పెద్ద ఒక ఇంగ్లీషాయన. మేమంతా దొర అనేవాళ్ళం. ఆయన తన విల్లా వంటింట్లో బీరు తయారు చేసుకుంటాడని ల్యాబ్‌లో ఇద్దరు ముగ్గురికి తెలుసు. ఆ దేశంలో అది ఎంత పెద్ద నేరమో అందరికీ తెలుసు.

కువైట్ గొడవ మొదలయ్యాక ఆయన సెలవు మీద ఇంటికి వెళ్ళలేకపోయాడు. బీరు పులియడానికి కావలసిన ఈస్టు ఎప్పుడూ తన ఊరి నుంచే తెచ్చుకునేవాడు. ఇప్పుడు మిగిలింది ఒకే పొట్లం, అదీ పాతది. ఉన్న కాస్తనే పెంచుకోవాలి. బార్లీ మాల్టు నీళ్ళు కాచి చల్లార్చి, అందులో ఈస్టు వేసి ఆగకుండా తిప్పుతూ ఉంటే, గాలి తగిలి ఒక్క రోజులోనే అది ఎన్నో రెట్లు అవుతుందట. అలా తిప్పే మిషను ల్యాబ్‌లో ఉంది గాని, బయటికి తీసుకెళ్తే తెలిసిపోతుంది.

"నేను చేసిస్తాను సార్" అన్నాను. నన్నెవరూ అడగలేదు. సీసాలు కడిగే పని నుంచి బయటపడాలని ఆశ, అంతే.

నిజానికి నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. చేయగలిగిన మనిషి మా రూములోనే ఉండే చాచా. కడప వైపు ఆయన, యాభై దాటిన వయసు, ఫారంలో ఎలక్ట్రీషియన్. ఐదు పూటలా నమాజు తప్పేవాడు కాదు. యుద్ధం మొదలై, ఇరాక్ క్షిపణులు వస్తున్నాయని సైరన్ మోగితే మేమంతా మంచాల కింద దూరేవాళ్ళం. ఆయన మాత్రం కిటికీలకు అంటించిన టేపు సరిగ్గా ఉందో లేదో చూసి, విషవాయువు రాకుండా తలుపు సందులో తడి తువ్వాలు కుక్కి, అప్పుడు కూర్చునేవాడు.

"దేనికి నాయనా ఇది?" అని అడిగాడు.

"ల్యాబ్‌కు చాచా. దూడల మందు కలపాలె. ఉన్న మిషన్ ఖరాబైంది."

"అయ్యో, నోరు లేని జీవాలు. చేసిస్తాలే."

పారేసిన కంప్యూటర్లోంచి చిన్న ఫ్యాను ఊడదీశాడు. అలమార తలుపులను పట్టి ఉంచే అయస్కాంతాలు రెండు తెచ్చి ఫ్యాను నడుమ ఎదురెదురుగా అతికించాడు. దాన్ని ఖర్జూరం డబ్బాలో బిగించి, వేగం పెంచడానికీ తగ్గించడానికీ పాత రేడియో వాల్యూమ్ బటన్ పెట్టాడు. సీసా లోపల తిరిగే తెల్లటి అయస్కాంతపు ముక్క, మాత్రంత ఉంటుంది, ల్యాబ్ నుంచి నేను జేబులో వేసుకొచ్చాను. మొదటిసారి అది గ్లాసులో పక్కకు ఎగిరి టకటకా కొట్టుకుంది. చాచా అయస్కాంతాలు ఊడదీసి, స్కేలుతో కొలిచి, కొంచెం జరిపి మళ్ళీ అతికించాడు. అలా మూడు సాయంత్రాలు పట్టింది. చివరికి "బిస్మిల్లా" అని స్విచ్ వేశాడు. గ్లాసు నీళ్ళలో సన్నని సుడి దిగింది.

"చూస్తివా! గరాటు మాదిరి ఎట్లుండాదో!" అని పక్క రూము వాళ్ళను కూడా పిలిచి చూపించాడు.

దొర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నువ్వే చేశావా అని అడిగాడు. అవునన్నాను.

మరునాటికి ఆయన గాజు సీసాలో మాల్టు నీళ్ళు తెల్లగా చిక్కబడ్డాయి. తిప్పడం ఆపితే అడుగున మీగడలా ఈస్టు పేరుకుంది. నెల తిరగకుండానే నన్ను సీసాల దగ్గర నుంచి తీసి పరీక్షల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఒక శుక్రవారం విల్లాకు పిలిచి గ్లాసెడు బీరు ఇచ్చాడు. తాగి, యాలక్కాయ నములుతూ రూముకు వెళ్ళాను. చాచా నాకు అన్నం పెడుతూ, "దూడలు ఎట్లుండాయి?" అని అడిగాడు.

"మంచిగున్నయి చాచా" అన్నాను.

యుద్ధం అయిపోయిన కొన్ని నెలలకు ఎవరో చెప్పగా కంపెనీ వాళ్ళు విల్లా సోదా చేశారు. సంగతి పోలీసుల దాకా పోకుండా దొరను ఆ వారమే విమానం ఎక్కించారు. ఆయన నా పేరు చెప్పలేదు. యంత్రాన్ని మాత్రం వర్క్‌షాపులో బల్ల మీద పెట్టి, ఇది ఎవరి పని అని అడిగాడు ముదీర్, అంటే మా మేనేజరు. మమ్మల్నందరినీ పిలిచారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

చాచా ఆ డబ్బాను చూసి సంబరంగా ముందుకొచ్చాడు. "అనా, అనా" అని, నేనేనంటూ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. చెడిపోయిందా, బాగు చేస్తానన్నాడు. అది దేనికి వాడారో ముదీర్ చెప్పాడు. చాచా చెయ్యి గుండె మీదే ఉండిపోయింది.

దూడల మందు కోసం చేశానన్నాడు. అలా అని నీకెవరు చెప్పారు అని అడిగాడు ముదీర్.

చాచా తల తిప్పి నన్ను చూశాడు. నేను నేల చూశాను. చెప్పేస్తాడనే అనుకున్నాను.

"యాద్ నహీ సాబ్" అన్నాడు. గుర్తు లేదని.

ఆయనకు ఖురూజ్ కొట్టారు, అంటే మళ్ళీ రావడానికి వీల్లేకుండా దేశం నుంచి పంపేయడం. వెళ్ళే రోజు పరుపు చుడుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "బీరుకని చెప్పింటే నేను చేసేటోణ్ణి కాదు. అది తెలిసే గదా అబద్ధం చెప్తివి?"

ఆయన పెట్టె మోసుకెళ్ళి బస్సులో పెట్టాను. చేసింది అంతే.

ఆ తర్వాత ఆరేళ్ళు అదే బల్ల దగ్గర పనిచేశాను. తిరిగి వచ్చేశాక, వాళ్ళనూ వీళ్ళనూ అడిగి ఆయన ఊరు వెళ్ళాను. ఇంటి ముందు గదిలో మోటార్లకు వైండింగ్ చేస్తున్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి వేశాడు. ఒకే రూములో ఉన్నామని భార్యకు చెప్పాడు. ఆమె టీ, బిస్కెట్లు తెచ్చింది.

"మీరు ధైర్యం ఉన్నోళ్ళు నాయనా. ఆ బాంబుల్లో గూడా ఉండిపోయినారు. ఈయన చూడు, యుద్ధం అయిపోయినాంక గూడా భయమని ఉద్యోగం ఇడిసిపెట్టి వచ్చేసె" అంది.

చాచా తల వంచుకుని తీగ చుడుతున్నాడు. చిన్నగా నవ్వాడు. ఇంట్లో అలా చెప్పుకున్నాడన్నమాట. బీరుకు యంత్రం చేసినందుకు పంపేశారని చెప్పుకోవడం కంటే పిరికివాడిననిపించుకోవడమే నయమనుకున్నాడు.

క్షమించమని అడగాలనే వెళ్ళాను. రైల్లో ఆ మాటలు ఎన్నోసార్లు కూర్చుకున్నాను. ఇప్పుడు నోరు విప్పితే ఆమెకు అసలు సంగతి తెలిసిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ నిజమే. కానీ ఆమె ఆ మాట అనగానే నాకు ముందు కలిగింది సిగ్గు కాదు, హమ్మయ్య అని ఊరట.

"లేదమ్మా, చాచా భయపడే మనిషి కాదు" అని ఒక్క మాట అనవచ్చు. దానివల్ల ఏ రహస్యమూ బయటపడేది కాదు. అదీ అనలేదు. టీ బాగుందన్నాను. ఆమె మళ్ళీ ప్లేటు జరిపితే ఇంకో బిస్కెట్ తీసుకున్నాను.