ఏడో గూటి డిస్కు

పిల్లల పుస్తకాలు వేసే ఆ ఆఫీసులో ఆవిడ్ని అందరూ డిస్కులమ్మ అనేవారు. అమ్మానాన్నా పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. మెట్ల కింది ఇరుకు గదిలో, ఏసీ హోరు మధ్య, ఫైల్ సర్వర్‌కి కాపలా ఆవిడ. బొమ్మలు గీసేవాళ్ళూ, ప్రూఫులు దిద్దేవాళ్ళూ, లెక్కలవాళ్ళూ దాచుకునేదంతా ఆ గదిలోనే ఉంటుందని సగం మందికి తెలియనే తెలియదు. సర్వర్ మొరాయించిన రోజున మాత్రం అందరికీ ఆ గది దారి గుర్తొచ్చేది.

పని నేర్పింది బాబాయ్. చుట్టమేం కాదు, ఆవిడకంటే ముందు ఆ గదిని ఏలిన మనిషి. ఆవిడ చేరిన రోజున ఇనప పెట్టె తలుపు తెరిచి, గూళ్ళలో వరసగా ఉన్న డిస్కులు చూపించాడు.

“ఇవన్నీ విడివిడి బీరువాలనుకో అమ్మాయ్. మధ్య గోడలు తీసేసి ఒకటే చేశాం. దాన్నే పూల్ అంటారు. అందులో బొమ్మలవాళ్ళకో అర, లెక్కలవాళ్ళకో అర. అవే వర్చువల్ డిస్కులు. తన అర ఏ డిస్కు మీదుందో ఎవరికీ తెలియక్కర్లేదు. ఏది దాచినా రెండు డిస్కుల మీద దాస్తాం. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుంది.”

“రెండూ ఒకేసారి పోతే?”

“మనిద్దరం వేరే ఉద్యోగం వెతుక్కుంటాం,” అని పకపకా నవ్వాడు.

ఎంత మంచి రోజులవి! గదిలో రెండో స్టూలు పట్టదు కాబట్టి ఉన్న ఒక్కదాని మీదే వంతులేసుకుని కూర్చునేవారు. కొత్త డిస్కు వస్తే ఆయన చేతులు కడుక్కుని, తెల్ల కాగితం ముక్క మీద గూటి నంబరూ, తీసెయ్యాల్సిన సంవత్సరమూ గుండ్రంగా రాసి అతికించేవాడు. “వీటి మీద మమకారం పెంచుకోకు. గడువు రాగానే పీకి పారెయ్,” అనేవాడు. అనేవాడే గానీ, ప్రతి డిస్కునీ చంటిపిల్లలా ఎత్తుకునేవాడు. ఆవిడ మాటలు వినాలా, చేతులు చూడాలా? చేతులే చూసింది.

బాబాయ్ రిటైరయ్యాక ఆయన పెట్టిన డిస్కులు ఒక్కొక్కటే ముసలివయ్యాయి, ఒక్కొక్కటే మార్చింది. చివరికి ఆయన రాత ఏడో గూట్లోనే మిగిలింది. దాని గడువూ దాటింది. హెచ్చరికగా పసుపు లైటు వెలిగింది. దాన్ని రిటైర్ చెయ్యమని ఒక్క ఆజ్ఞ ఇస్తే, దాని మీదున్నదంతా సర్వరే మిగతావాటి మీదికి సర్దేస్తుంది, ఆ తర్వాత తాపీగా లాగెయ్యొచ్చు. ఇంకెవరైనా ఇలా నానిస్తే ఆవిడే కడిగిపారేసేది. తన దాకా వచ్చేసరికి “ఈ వారం పోనీలే” అనుకుంటూ గడిపేసింది. పొద్దున్నే ఆ గుండ్రటి ఏడు కనిపిస్తే బాబాయ్ స్టూలు మీద కూర్చున్నట్టే ఉండేది మరి. జబ్బు చేసి ఆయన కుడిచెయ్యి వణుకుతోందని విన్నాక దాన్ని తియ్యడానికి అసలు చేతులు రాలేదు.

ఒకరోజు భోజనాల వేళ, మూడో గూట్లోని కొత్త డిస్కు చెప్పాపెట్టకుండా చచ్చిపోయింది. దాని స్థానంలో ఇంకోటి పెట్టింది. సర్వర్ రెండో ప్రతుల కోసం మిగతా డిస్కులన్నీ వెతికింది. వాటిలో కొన్ని ఏడో గూటి ముసలిదాని మీదున్నాయి. అది కొంత చదివి, ఇక నావల్ల కాదంది.

బొమ్మలాయన గుమ్మంలో నిలబడ్డాడు. “నా సముద్రం బొమ్మలు తెరుచుకోవట్లేదేంటమ్మా? వారమంతా వాటి మీదే కూర్చున్నా.”

విడిగా తీసే నకలు వారం చివర్లోనే. ఈ వారం బొమ్మలు అందులో ఉండవు. బాబాయ్‌కి ఫోన్ చేసింది.

“ఏడో గూడా? నేను పెట్టిందేనా? అదింకా అక్కడే ఉందా?”

“మీ చేతిరాత ఉందని తియ్యబుద్ధి కాలేదు బాబాయ్.”

“పిచ్చి మొద్దూ! నా రాతకేముంది, మళ్ళీ రాసిస్తా. ఆయన బొమ్మలు నువ్వు గీసిస్తావా?”

జన్మలో అంత సిగ్గుపడలేదు ఆవిడ. ముసలి డిస్కు చేత మళ్ళీ మళ్ళీ చదివించి సాయంత్రానికి చాలా బొమ్మలు బయటికి లాగింది. మూడు మాత్రం దక్కలేదు. తప్పు తనదేనని బొమ్మలాయనకి చెప్పేసింది. ఆయన రుసరుసలాడాడు, కొన్నాళ్ళు ముఖం తిప్పుకున్నాడు, మళ్ళీ గీశాడు. “మొదట గీసిన అలే బాగుండేది,” అని ఈనాటికీ దెప్పుతాడు.

మర్నాడు బాబాయ్ చేతికర్ర ఊతంతో వచ్చాడు. ఆవిడ స్టూలు ఇచ్చి, ఏడో గూటి కొత్త డిస్కుకి అతికించాల్సిన కాగితం ముక్క ముందు పెట్టింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని రాశాడు. ఏడంకె వంకర పోయింది. సంవత్సరం దగ్గర కలం ఆగింది.

“ఈసారి గడువు దాటనివ్వవుగా?”

“దాటనివ్వను.”

“నేను లేకపోయినా?”

ఆవిడ తలూపింది. ఆయన సంవత్సరం వేశాడు.

ఆ సంవత్సరం వచ్చింది. అప్పటికి బాబాయ్ లేడు. ఆవిడ రిటైర్ ఆజ్ఞ ఇచ్చి, సర్వర్ అంతా సర్దుకునేదాకా స్టూలు మీద కూర్చుంది. తర్వాత లేచి, వంకర ఏడున్న డిస్కును వెక్కి వెక్కి ఏడుస్తూనే బయటికి లాగింది.