తూకంలోకి రాని పది నిమిషాలు

నెలకొక ఆదివారం మేము నలుగురం పుంగనూరులో కలుస్తాం. మనోవిశ్లేషణ నేర్చుకుని, మనుషుల మాటలు వినడమే పనిగా పెట్టుకున్నవాళ్లం. అందరిలోకీ పెద్దామె కుప్పం డాక్టరమ్మ. మదనపల్లె నుంచి నేనూ, నాకంటే బాగా చిన్నదైన ఇంకొకామె బస్సులో పోతాం. నాలుగో ఆయన పుంగనూరాయనే. ఆయన ఇంటి మేడ మీద గదిలో కూర్చుంటాం. రెండు వైపులవాళ్లకీ మధ్యలో ఉంటుందని ఆ చోటు కుదిర్చింది నేను. డాక్టరమ్మను మదనపల్లె దాకా రమ్మని బేరం మొదలుపెట్టి పుంగనూరు దగ్గర తెగ్గొట్టాను. ఆమెకు రెండు గంటల పైచిలుకు ప్రయాణం, నాకు ముప్పావుగంట. మధ్య అంటే ఎక్కడో తేల్చడానికి, నాలాగా నాయన పప్పుల అంగట్లో పెరిగినవాళ్లకు వేరే కొలత.

మా పద్ధతి ఒకటుంది. ఆ నెల ఎవరి వంతో వాళ్లు ఒకే ఒక్క సెషన్ తెస్తారు. వచ్చిన మనిషి ఏమన్నారు, తామేమన్నారు, మళ్లీ వాళ్లేమన్నారు, గుర్తున్నంతలో మాటకు మాట రాసుకొచ్చి చదవాలి. రోగం పేరు చెప్పకూడదు, ఇంటి చరిత్ర చెప్పకూడదు. చదివాక కుర్చీ గోడవైపు తిప్పుకోవాలి. మిగతా ముగ్గురూ గంటసేపు మాట్లాడుకుంటారు, చదివిన మనిషి నోరు మెదపకూడదు. మన సరుకును వేరేవాళ్లు తిరగేసి బోర్లేసి చూస్తుంటే పలక్కుండా కూర్చోవడం మా వంశంలో ఎవరూ చేసిన పని కాదు.

ఆ నెల వంతు నాది. అవసరమూ నాదే. ఎనిమిది నెలలుగా గురువారం గురువారం నా దగ్గరికి ఒక టీచరమ్మ వచ్చేది. (ఊరూ ఉద్యోగమూ మార్చి రాస్తున్నాను.) క్లాసులో నిలబడితే ఆమెకు గొంతు పెగలదు. గొంతు చూసిన డాక్టర్లు ఏమీ లేదన్నారు. పాఠాలు తప్పించి ఆఫీసులో కూర్చోబెడతామని స్కూలువాళ్లు చెప్పేశారట. "వచ్చే వారంతో ఆపేస్తా సార్. దీంతో నాకేమీ బాగు కాలా," అని ఆమె నాతో అంది. ఆపేస్తే ఆ గొంతు అంతటితో సరి అని నా భయం. నా చేతిలో మిగిలింది ఒక్క గురువారం.

చదివాను. బాగా చదివాననే అనుకున్నాను. "టైం అయింది, వచ్చే గురువారం చూద్దాం" అన్న నా మాటతో ముగించి కుర్చీ తిప్పుకున్నాను.

"దీంట్లో ఏముండాది?" అన్నాడు పుంగనూరాయన. "ఎండ గురించి, బస్సు గురించి మాట్లాడుకున్నారు. బస్టాండులో కూర్చున్నా ఇదే ఇనపడతాది."

"అట్ల కాదు..." అని నేను వెనక్కి తిరిగాను.

"గోడ, గోడ. గోడను సూడప్పా," అని నవ్వాడు పుంగనూరాయన.

డాక్టరమ్మ నిదానంగా అంది: "ఏమీ దొరకని సోటికి ఎనిమిది నెలలు ఎవురొస్తారు? ఆయమ్మకు ఈడ ఏదో దొరకతాండాది. అది ఈ కాయితంలో లేదు."

తరువాత మా మదనపల్లె చిన్నామె గొంతు సవరించుకుంది. మేమిద్దరం ఒకటే గది వాడుకుంటాం, నా తరువాత ఆమె. "ఒక మాట. గురువారం ఆరింటికి ఆ గది నాది. నేనూ, నా కోసం వచ్చినాయనా ప్రతి గురువారం పావుగంట మెట్ల మీద నిలబడి ఉంటాం. సార్ తలుపు తెరవరు."

గోడకున్న సున్నం పెచ్చు మీద నా చూపు నిలబడిపోయింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చు," అంది డాక్టరమ్మ.

చెప్పక తప్పలేదు. టైం అయ్యాక టీచరమ్మ లేచి, చెప్పులేసుకుని, తలుపు దగ్గర ఆగేది. నేనూ నిలబడేవాణ్ణి. పది నిమిషాలు, పావుగంట.

"ఏం మాట్లాడతాది?" అని అడిగింది డాక్టరమ్మ.

"అవీ ఇవీ."

"ఏ అవి? ఏ ఇవి?"

"వాళ్లమ్మ గురించి. మంచాన పడి పక్కగదిలో నుంచి పిలస్తాంటే ఈయమ్మ పలక్కుండా కూర్చునేదంట. కడాపటి దినం కూడా పిలిచిందంట."

పుంగనూరాయన నవ్వు ఆగిపోయింది. "ఇది యాల రాయలేదప్పా?"

"అది టైం అయిపోయినాక కదా."

నా జవాబు నాకే అదోలా వినబడింది. మా నాయన కందిపప్పు తూచి, పొట్లం కట్టేముందు పిడికెడు కొసరు వేసేవాడు. కొసరు తూకంలోకి రాదు, కానీ అది లేకపోతే మనిషి మళ్లీ మన అంగడి మెట్లెక్కడు. టీచరమ్మ ఎక్కడ రావడం మానేస్తుందోనని నేను ఎనిమిది నెలలు కొసరు వేస్తూ వచ్చాను. ఆమె అసలు మాటంతా ఆ కొసరులోనే చెప్పింది. తూచి రాసుకొచ్చిన యాభై నిమిషాలు పొట్టు.

"లెక్కలోకి రాని సోట చెప్తే చెప్పినట్టే కాదని ఆయమ్మకు ధైర్యం," అంది డాక్టరమ్మ. "నువ్వూ అదే అనుకున్నావు. ఈసారి టైముకు ఆపు."

"ఉండేది ఒక్క గురువారమే. ఐదు నిమిషాలన్నా..."

"బేరమాడతాండాడు సూడు!" అన్నాడు పుంగనూరాయన.

"రెండు?" అన్నాను. తమాషాకే అన్నాను. ఆమె ఒప్పుకుని ఉంటే మాత్రం తీసుకునేవాణ్ణి.

గురువారం యాభై నిమిషాలు మళ్లీ ఎండ, మళ్లీ బస్సు. టైం అయిందని తలుపు తీసి పట్టుకున్నాను. టీచరమ్మ చెప్పులేసుకుని ఎప్పటిలాగే ఇటు తిరిగి వాళ్లమ్మ మాట ఎత్తింది.

"అది లోపల చెప్పాల్సిన మాటమ్మా. వచ్చే గురువారం దాంతోనే మొదలుపెడదాం."

"నేను రానని చెప్పినాను కదా?"

"నేనైతే ఉంటాను."

ఆమె ముఖం ఎర్రబడింది. "మనిషి మాట్లాడతాంటే బయటికి పంపిస్తారా? ఇంత సదువు సదివి నేర్చుకునింది ఇదేనా?" కింద వీధిలో బండి కడుగుతున్న ఆయన తలెత్తి పైకి చూశాడు. ఆమె గొంతు ఎక్కడా తెగలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆమె దబదబా దిగిపోయింది.

మరుసటి గురువారం ఆమె టైముకే, ఐదూ పదికి, నా కుర్చీలో కూర్చున్నాను. ఐదున్నర అయింది. ఫోన్ చేద్దామా, కేవలం ఎలా ఉన్నారని అడగడానికి? ఒక్క మెసేజ్ అయితే తప్పేముంది? నాతో నేను బేరమాడి, నాకే ఓడిపోయి, ఫోన్ సొరుగులో పెట్టాను.

ఐదూ ముప్పై ఐదుకు మెట్ల మీద అడుగులు వినబడ్డాయి.

"సగం టైం పోయింది," అంది ఆమె గుమ్మంలో నిలబడి. "ఇంక వద్దంటారా?"

"ఇంకా ఇరవై ఐదు నిమిషాలు ఉండాయమ్మా."

కూర్చుంది. సంచి ఒళ్లోంచి దించలేదు. "మా యమ్మ పిలిచినప్పుడల్లా నాకు ఇనపడేది సార్," అంది.

ఆరు అయిందని చెప్పినప్పుడు ఆమె మాట మధ్యలోనే ఉండింది. కళ్లు తుడుచుకుని లేచి, చెప్పులేసుకుని, ఆగకుండా మెట్లు దిగింది. ఆఫీసు పని సంగతి స్కూల్లో ఏం తేల్చారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. వచ్చే గురువారం టైముకే వస్తానని మాత్రం మెట్ల మీద నుంచే అంది.