చాముండేశ్వరి కోత

చాముండేశ్వరి సుబ్బరాజు గారి కంప్యూటర్ని రెండు ముక్కలు చేయబోయి ఉన్న ముక్కనీ మింగేసిందని, పరాయి దేశంలో బ్లాక్‌టౌన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లలో ఒక మాట ఉంది. "కోళ్ల ఫ్యాక్టరీలో కోసినట్టే కోసేసిందటండీ" అని నవ్వుకునేవారు.

ఆమె కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేది నిజమే. చదివింది పదో తరగతి. పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ ఒకటి పట్టుకుని, పాత కంప్యూటర్ మీద నాలుగు నెలలు తంటాలు పడి, డిస్కుని రెండు ముక్కలుగా విడదీసి ఒకే డబ్బాలో విండోస్, లైనక్స్ అనే రెండు సిస్టమ్‌లూ పెట్టడం నేర్చుకుంది. మీట నొక్కగానే ఏది కావాలని తెర అడిగేది.

1999 ఆగస్టులో సుబ్బరాజు గారు ఆమెను పిలిపించారు. "మా ఆఫీసులో మెషీన్లన్నిట్లో డేట్ రెండువేల సంవత్సరానికి తిప్పి చెక్ చేసే మనిషి కావాలమ్మా. ముందు ఇంట్లో నాది రెండు సిస్టమ్‌లతో సెటప్ చెయ్యండి, మీ పేరు చెప్తాను" అన్నారు.

కాఫీ కప్పులు పెడుతున్న శ్రీదివ్య చేయి ఆగింది. ఆమె ఆయన తమ్ముడి భార్య, ఆ ఇంట్లోనే ఉంటోంది. ఇంటర్ రెండో ఏడు మధ్యలో చదువు ఆగిపోయింది. రోజూ బల్ల తుడిచే వంకతో ఆ కంప్యూటర్ ముందు నిలబడి, బావగారు ఏ మీట ఎప్పుడు నొక్కుతారో చూసి చూసి కంఠతా పట్టింది. రెండేళ్లలో ఆయన ఆమెను అడిగింది కాఫీ ఒక్కటే. ఆ ఉద్యోగం తనకొస్తే బాగుండునని ఎవరితో అనగలదు? కోళ్లు కోసే చేతులకు "మీరు" అంటున్నారు!

శనివారం పొద్దున్నే చాముండేశ్వరి వచ్చింది. శ్రీదివ్య వెనకే నిలబడింది.

"ఇలా వచ్చి కూర్చో చెల్లాయ్, నిలబడతావేం?"

"పర్లేదక్కా."

ఫైళ్లన్నీ డిస్కులో ఒక పక్కకు చేర్చాలి, ఆ తర్వాతే ఖాళీ జాగా విడదీయాలి. తెర మీద గళ్లు నింపాదిగా జరుగుతున్నాయి. చాముండేశ్వరి అడక్కపోయినా అంతా విడమరిచి చెప్పింది. ఆ ఓపిక శ్రీదివ్యకు గిట్టలేదు.

మధ్యాహ్నం రెండు కావస్తుండగా చాముండేశ్వరి సంచి అందుకుంది. "ట్రెయిన్ మిస్సయితే షిఫ్ట్ పోద్ది. విడదీయడం రేపు. ముందు మీ బావగారి కాయితాలన్నీ కాపీ తీసుకోవాలి. విడదీసే ఫ్లాపీ ఇక్కడ బల్ల మీదే ఉంచుతున్నా."

ఆమె వెళ్లాక శ్రీదివ్య ఆ కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. బావగారు వచ్చేసరికి పని పూర్తయి ఉంటే "ఎవరు చేశారు?" అని అడుగుతారు కదా అనుకుంది.

సాయంత్రం సుబ్బరాజు గారు వచ్చేసరికి తెర నల్లగా ఉంది. ఆరేళ్ల ఆఫీసు కాయితాలు పోయాయి.

ఆదివారం చాముండేశ్వరి కంప్యూటర్ డబ్బాలోంచి ఫ్లాపీ బయటికి తీసింది. బల్ల మీద తను పెట్టిన చోటు చూసింది. తలుపు దగ్గరున్న శ్రీదివ్య వైపు ఒకసారి చూసింది.

"ఫ్లాపీ వదిలేసి వెళ్లడం నా తప్పేనండి" అంది.

"ఆ మాట ఆఫీసులో చెప్పమంటావా?" అని సుబ్బరాజు గారు లేచి వెళ్లిపోయారు. ఉద్యోగం పక్కనున్న స్కోఫీల్డ్స్ ఊరి అబ్బాయి ఎవరికో పోయింది. అంత నష్టంలోనూ అలా నిలబడి మాట్లాడగలిగినందుకు శ్రీదివ్యకు ఆమె మీద ఇంకా కుళ్లే పుట్టింది. ఊళ్లో నవ్వినప్పుడల్లా తనూ నవ్వింది.

ఆ శనివారం మధ్యాహ్నం ఫ్లాపీ పెట్టి ఎంటర్ నొక్కింది శ్రీదివ్య.