నేను మార్చిన యాక్సిలరేటర్ కేబుల్

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. బలాలూ ఘర్షణా ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద గీసి చూపిస్తున్నవాణ్ణి కనక, మోటార్‌సైకిల్ బాగుచేసుకోవడం నాకో లెక్క కాదనుకునేవాణ్ణి.

ఆ వానాకాలం నా పాత బండికి యాక్సిలరేటర్ పట్టేయడం మొదలైంది. పిడి తిప్పి వదిలితే దానంతటది వెనక్కి రాదు. ధవళేశ్వరంలో మా వీధి చివరి మెకానిక్ చూసి, "కేబుల్ లోపల తుప్పు పట్టిందండి. నూనె పోసినా పది రోజులే. మార్చేయాలి, సాయంత్రం తీసుకురండి" అన్నాడు. అతను చేసేది నేను చేయలేనా అని, కొత్త కేబుల్ కొనుక్కుని ఇంటికొచ్చేశాను.

ఆదివారం ఫోన్లో వీడియో పెట్టుకుని పనిలోకి దిగాను. వీడియోలో మనిషి పావుగంటలో ముగించాడు. నాకు భోజనాల వేళ దాటింది. పాతది పీకే ముందు అది ఏ దారిన వెళ్ళిందో ఫోటో తీసుకోమని అతను చెప్పాడు. ఒక తీగ ఎటు వెళ్ళిందో ఆ మాత్రం గుర్తుండదా అని నేను ఆ ముక్క దాటేశాను. కొత్త కేబుల్లో నాలుగు చుక్కలు నూనె వేసి, ట్యాంకు కింద నాకు తోచిన దారిన లాగి, రెండు చివరలూ తగిలించాను. పిడి వదలగానే టక్కున వెనక్కొచ్చింది. మా ఆవిడను బయటికి పిలిచి మూడుసార్లు తిప్పి చూపించాను.

"బాగుందండి. ముందు ఆ చేతులు కడుక్కోండి" అంది.

ఆ వారంలో కాలేజీ గేటు దగ్గర బండిని బాగా ఎడమకు మళ్ళించినప్పుడు ఇంజను ఒకటి రెండుసార్లు గట్టిగా అరిచింది. కొత్త కేబుల్ హుషారనుకున్నాను.

తరవాతి ఆదివారం ఇద్దరం నరసాపురంలో మా అత్తగారింటికి బయలుదేరాం. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు సిద్ధంగా ఉంది.

"నేను దిగి నడిచి ఎక్కనా?" అంది మా ఆవిడ.

"ఎందుకు, కూర్చో" అన్నాను.

ఇనపరేకు మీదుగా పంటు ఎక్కి, ఖాళీగా ఉన్న మూలకు హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పాను. ఇంజను ఒక్కసారిగా బొబ్బ పెట్టి బండి ముందుకు దూకింది. క్లచ్ పట్టుకోవాలని నాకు తెలుసు. ఆ తెలిసింది చేతివేళ్ళ దాకా వెళ్ళేలోపు ముందు చక్రం పోయి, మినీ లారీకి ఆనించిన కొత్త పరుపులో దిగబడి ఆగింది.

"అయ్యయ్యో! సారె పరుపండీ అది! మా అమ్మాయి అత్తారింటికి పట్టుకెళ్తున్నామండీ!" అంటూ ఒక పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు.

"బండి దానంతటదే దూకిందండి" అన్నాను.

"దానంతటది ఎలా దూకుతుందండీ? మీరు తిప్పితేనే కదా!"

పంటు మీద జనమంతా మా చుట్టూ చేరారు. నేను కార్బురేటర్లో గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళ గురించి వివరించడం మొదలుపెట్టాను. మా ఆవిడ మాత్రం సీసాలో నీళ్ళతో రుమాలు తడిపి, పరుపు మీది టైరు అచ్చు తుడవసాగింది. ప్లాస్టిక్ కవరు ఉండబట్టి మరక పోయింది. పెద్దాయన శాంతించి, "ఇంతకీ మీరేం చేస్తుంటారండి?" అనడిగాడు. ఫిజిక్స్ మాట నోటికి రాక, "కాలేజీలోనండి" అన్నాను.

అత్తగారింట్లో మంచినీళ్ళు తాగి వెంటనే కార్బురేటర్ మీద పడ్డాను. విప్పాను, తుడిచాను, బిగించాను. స్టార్టు చేసి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే మళ్ళీ అరిచింది, మళ్ళీ విప్పాను. మా అత్తగారు అరుగు మీద కూర్చుని లేసు అల్లుతున్నారు. ఆవిడ నాతో సూటిగా మాట్లాడరు. ఏదైనా కూతురితో చెప్పిస్తారు. గంటసేపు చూసి, సూది ఆపకుండానే అన్నారు:

"అమ్మాయీ, హ్యాండిలు ఎడం పక్కకి తిప్పినప్పుడే అరుస్తోందే ఆ బండి. లోపల తీగ చాలక లాగేస్తోందేమో, అల్లుడుగారిని చూడమను."

"అది వేరండీ, ఇది మిశ్రమం సమస్య" అన్నాను.

ఆవిడ లేచొచ్చి, ట్యాంకు పక్కన కేబుల్ మీద వేలు పెట్టి, తిప్పమన్నట్టు తల ఊపారు. ఇంజను నడుస్తుండగానే హ్యాండిల్ ఎడమకు తిప్పాను. ఆవిడ వేలి కింద కేబుల్ బిగుసుకుంది, ఇంజను అరిచింది. కుడికి తిప్పితే వదులైంది, అరుపు ఆగింది. లాగిన తీగలో ఉండే తన్యత గురించి పాఠం నేను ఆ బుధవారమే చెప్పాను.

ట్యాంకు విప్పితే నా ఘనకార్యం బయటపడింది. కేబుల్‌ని ఫ్రేము చుట్టూ తిప్పి తెచ్చాను, అందుకే పొడవు చాల్లేదు. మా అత్తగారు ఒక చివర పట్టుకుంటే, మెలిక లేకుండా తిన్నగా లాగాను. పిడి కొద్దిగా తిప్పినా తీగ బిగియనంత వదులుంచి నట్టు బిగించాను. ఈసారి హ్యాండిల్ ఆ చివరినుంచి ఈ చివరికి తిప్పినా ఇంజను శబ్దం మారలేదు.

"మీకెలా తెలిసిందండీ?" అని అడిగాను.

ఆవిడ మొదటిసారి నాకే జవాబిచ్చారు. "మీ మావగారి సైకిలుకి బ్రేకు తీగలు ముప్పై ఏళ్ళు నేనే మార్చానండి. ఆయన మారిస్తే బ్రేకు పడేది కాదు."

లోపల మా ఆవిడ నవ్వు వినిపించింది.