లామినేషన్ చేసిన రిపోర్టు

2011 ఏప్రిల్ 4 నుంచి రిటైరయ్యేదాకా, పన్నెండేళ్లపాటు, ఖరగ్‌పూర్‌లో ఒక హెచ్‌ఐవీ పరీక్ష కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేశాను. రక్తం తీసేది టెక్నీషియన్. తీసే ముందు, ఫలితం ఇచ్చేటప్పుడు మాట్లాడేది నేను. ఇక్కడ పేర్లు మార్చాను, తేదీలు మార్చలేదు.

2022 జూన్ 6, సోమవారం. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి రవణమ్మ వచ్చి నా బల్లమీద ఒక కార్డు పెట్టింది. ఆమె భర్త సన్యాసిరావు గూడ్సు గార్డు. అది ఆయన రిపోర్టు: నెగెటివ్, కింద నా సంతకం, 2019 మార్చి 11. చక్కగా లామినేషన్ చేయించాడు.

"నిరోధ్ అడిగినప్పుడల్లా ఇదే సూపిత్తన్నాడు దీదీ. డ్యూటీకెళ్లిన ఊళ్లో ఎవరో ఉందని నాకు తెలిసిపోనాది. ఇది ఇంకా సెల్లుద్దా?"

ఒకరి ఫలితం గురించి ఇంకొకరితో మాట్లాడకూడదు. ఆయన్నే రమ్మనమన్నాను.

"రాక సస్తాడా? మంచం వరండాలో ఏసినాను."

మర్నాడే వచ్చాడు. రవణమ్మ వదిలివెళ్లిన కార్డు తన ముందుకు లాక్కుని, "మా మెడికల్ నాలుగేళ్లకోపాలి గదా దీదీ. దీనికింకా టైముంది," అన్నాడు. గార్డులకు ఫిట్‌నెస్ పరీక్ష నాలుగేళ్లకొకసారి. ఆ లెక్కనే నా రిపోర్టుకూ వేసుకున్నాడు.

"నిన్నటికి వెయ్యిన్నూట ఎనభైమూడు రోజులు," అన్నాను. "అప్పుడు దారి ఖాళీ అని ఇచ్చిన లైన్ క్లియర్‌తో ఇవాళ బండి కదలనిస్తావా?"

"సస్పెండ్ సేసేత్తారు."

"రవణమ్మ చేసిందీ అదే."

ఇంటి బయట ఆఖరిసారి ఎప్పుడని అడిగితే పైకప్పు చూసి మే 10 అన్నాడు. నిరోధ్ లేదు. అక్కడి ఆమె ఆరోగ్యంగానే ఉందన్నాడు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి అలాగే కనిపించవచ్చనీ, మందులు వాడక వైరస్ అదుపులో లేకపోతే ఒక్క కలయికతోనైనా సోకవచ్చనీ చెప్పాను. సోకకుండా మందులు మొదలుపెట్టాలంటే డెబ్భై రెండు గంటల్లోపు రావాలి. ఆయన ఇరవై ఎనిమిది రోజులకు వచ్చాడు. గూడ్సు బండి కూడా అంత లేటు కాదన్నాను. నవ్వలేదు.

ఆ రోజు పరీక్షలో నెగెటివ్. కార్డు జేబులో పెట్టుకుంటూ లేవబోతే కూర్చోబెట్టాను. సోకినా పరీక్షలో కనబడని కొంత కాలం ఉంటుంది. మే 10 నుంచి మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయాలి. అంతదాకా నిరోధ్ లేకుండా భార్య దగ్గరికి పోకూడదు. ఆగస్టు 10 అని రాసిచ్చాను.

"మంచం?" అన్నాడు.

"అది నా డిపార్ట్‌మెంట్ కాదు."

ఆగస్టు 10న ఇద్దరూ వచ్చారు. రవణమ్మా పరీక్ష చేయించుకుంది. విడివిడిగా పిలిచి ఫలితాలు చెప్పాను. బయటికెళ్లి వాళ్లే ఒకరికొకరు చూపించుకున్నారు, ఇద్దరికీ నెగెటివ్. పాత కార్డు ఏమైందని రవణమ్మను అడిగాను.

"పప్పుగిన్నె మీద మూతేసినాను దీదీ. పేరు లోపలికే పెట్టినాను, గుట్టుగా ఉండాలన్నారు గదా."

రిపోర్టు తన తేదీకి వెనకటి సంగతే చెబుతుంది, అదీ చివరి మూడు నెలలు వదిలేసి. ముందు సంగతి దానికి తెలియదు. ఆ మాట నేను 2019లోనే చెప్పి ఉండాల్సింది. ఆ ఆగస్టు నుంచి ప్రతి రిపోర్టు మీద తేదీకి ఎర్ర సిరాతో గీత గీసి, లామినేషన్ చేయించవద్దని చెప్పి ఇచ్చాను.